ఏడో వీధి ఎలుకల గాబరా

సోమవారం, మొదటి షిఫ్టు

నల్లబాయి పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఒకటో వీధి ఎలుకలింట్లో నివాసముంటున్న సర్పంచ్ గారు నేటి ఉదయం తమకు వడ్డించిన సజ్జలను తిరస్కరించి, నా చొక్కా గుండీని స్వీకరించారు. సర్పంచ్ గారు క్షేమం. చొక్కా పరిస్థితి విషమం. ప్రజలు ఆందోళన చెందవద్దు.

ఇట్లు, ఓదెలు, ఎలుకల కాపరి.

ఈ రోజువారీ చిట్టా రాయమన్నది మా డాక్టర్ తబస్సుం మేడం.

"అయిదో తరగతిలనే బడికి దండం పెట్టినోన్ని. నాకెందుకు మేడం గీ రాత?" అన్నాను.

"ఎలుకలతోని ఉండేది నువ్వే గద ఓదెలన్నా. ఏం జరిగితే అది రాయి. జరగంది రాయకు" అన్నారు.

మొదటి మాటకు ఒప్పుకున్నాను. రెండో మాట గురించి ఆలోచించి చెప్తానన్నాను.

పగటి దీపాలు వెలగ్గానే ఐసు డబ్బా భుజాన వేసుకుని, పొన్నుకర్ర పట్టుకుని బయలుదేరతాను. వీధుల వెనక పొడుగ్గా ఒక సొరంగం ఉంది. అందులో ఒకటో వీధి నుంచి ఏడో వీధి దాకా వరుసగా ఎలుకలిళ్ళు. నేను తప్ప ఆ సొరంగంలోకి వచ్చేవాడు లేడు. ప్రతి గుమ్మం దగ్గరా కర్రెత్తి, దాని ఇనుప పొన్నుతో పైకప్పు మీద కొడతాను. ఖంగుమని మోగితే లోపలికి. డొల్లగా మోగితే వెనక్కి. నేల కింది ఊరు మాది, మన నెత్తిన ఉన్నది ఆకాశం కాదు కదా. ఈ ఊళ్ళో స్నానాల గదికి వెళ్ళేవాడు కూడా కప్పు కొట్టే వెళ్తాడు. పెళ్ళికొడుకు అత్తారింటి కప్పు కొట్టకపోతే ఆ పూట అన్నం పెట్టరు. అందరూ మామూలుగా కొడతారు, నేను డప్పు దరువు వేస్తాను. అంతే తేడా.

లోపల ఎలుకలుంటాయి, సర్పంచ్ గారూ వాటిలో ఒకరే. ఒక్కోదాని నెత్తిన చిన్న బుడిపె, ఆ బుడిపెలోంచి మెదడులోకి వెంట్రుకంత గొట్టం. ఒక పక్క నుంచి ఉప్పునీళ్ళు లోపలికి పోయి, మెదడు రసాలను కాస్త కలుపుకుని, ఇంకో పక్క నుంచి చుక్కచుక్కగా బయటికొస్తాయి. ఆ చుక్కల్ని చిన్న సీసాల్లో పట్టి, ఐసులో పెట్టి, మేడం గదికి చేరుస్తాను. అక్కడి మిషను వాటిని తాగి, తెర మీద గుట్టలు గీస్తుంది. హుషారు రసం గుట్ట, నిమ్మళం రసం గుట్ట, గాబరా రసం గుట్ట. మేడం వాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు. డోపమైన్, సెరటోనిన్, నోరడ్రినలిన్. పలికేటప్పుడు నాకు నాలుక మడత పడుతుంది కాబట్టి నా పేర్లే రాస్తాను.

రాతి పొరల్లోంచి ఒక్కోసారి మసక గాలి ఊరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషి తలకెక్కాక తెలిసి లాభం లేదు. ఎలుక మెదడుకు ముందే తెలుస్తుంది, గాబరా రసం పొంగుతుంది. గుట్ట ఎర్ర గీత దాటితే ఆ వీధిని ఖాళీ చేయించి గోడ కడతారు. ఎనిమిదో వీధికి మా తాతల కాలంలో అలాగే కట్టారు. ఆ వీధి వాళ్ళు ఉత్త పుణ్యానికి గోడలతో మాట్లాడేవాళ్ళని, ఒకర్నొకరు గుర్తుపట్టేవాళ్ళు కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్ళో ఎవడైనా తిక్కగా మాట్లాడితే "నీది ఎనిమిదో వీధా?" అంటాం.

ఆ కాలం డాక్టరు పోయాక మిషను మూలపడింది. దాన్ని మేడం బాగుచేసి, ఈ మధ్యే కొలవడం మళ్ళీ మొదలుపెట్టారు.

ఈరోజు తెర మీద ఏడో వీధి గాబరా గుట్ట చూసి మేడం టీ చల్లారబెట్టుకున్నారు. పోయిన వారం కంటే పెరిగింది. అంతకు ముందు వారం కంటే పోయిన వారం పెరిగింది.

"ఎలుకలక్కూడ ఎనిమిదో వీధి గాలి సోకిందేమో మేడం" అని నవ్వాను.

మేడం నవ్వలేదు. ఆ మాటకు ఆవిడ ఎప్పుడూ నవ్వరు.

బుధవారం, మొదటి షిఫ్టు

ఏడో వీధిలోనే మా లచ్చక్క ఉంటుంది, ఆమె మొగుడు సారయ్య బావ ఉంటాడు, బావ పుట్టకొక్కుల మడులు, అదే పుట్టగొడుగుల మడులు, ఉంటాయి. ఆ వీధి గోడ వెచ్చగా ఉంటుంది. ఊరు ఊరంతా తినే పుట్టకొక్కులు ఆ వెచ్చదనానికే మొలుస్తాయి. బావ వాటిని ఒకటో వీధికి తెచ్చి పెంచి చూశాడు. పెళ్ళిచూపులకు తీసుకొచ్చిన పిల్లల్లా తల వంచుకుని ఎండిపోయాయి.

అందుకని గుట్ట సంగతి వాళ్ళకు చెప్పలేదు. ముందు కొలతలో తప్పుందేమో చూడాలన్నారు మేడం.

"ఏడో వీధి దూరం గద మేడం. ఐసు కరుగుతుందేమో" అన్నాను.

"కరిగితె రసం చెడిపోయి తక్కువ చూపిస్తది. ఎక్కువెందుకు చూపిస్తది?" అన్నారు. గొట్టాలు మార్చారు. ఎంత రసం ఉందో ముందే తెలిసిన నీళ్ళను మిషనుకు తాగించి చూశారు. మిషను సరిగ్గానే చెప్పింది. ఆఖరికి నా వైపు తిరిగి, ముక్కు ఎగబీల్చారు.

"ఓదెలన్నా, మొగోళ్ళ వాసనకు ఎలుకలు బెదురుతయి. నిజంగ. ఇది నా మాట కాదు, చదువుల మాట."

"మా ఆడిది ఎప్పటిసంది అంటున్నదో! దానికి గూడ చదువుందన్నమాట."

వాసన సబ్బు మానేశాను. తంబాకు మానేశాను. మేడం పాత కోటు తొడిగించారు. గులాబీ రంగు, జేబు మీద పువ్వు. ఆ వేషంలో ఏడో వీధి గుండా వస్తుంటే సారయ్య బావ మడి దగ్గర్నుంచి చూశాడు.

"లచ్చీ! నీ చెల్లె వచ్చింది, బొట్టువెట్టి పంపియ్యి!"

"బావా, సూపు జర పక్కకు తిప్పుకో. మా అక్కకు జెప్త."

"జెప్పు జెప్పు. గంత అందం ఇంట్ల వెట్టుకొని మీ అయ్య నాకు పెద్దదాన్నెందుకు ఇచ్చిండో ఆయన్నే అడుగుత."

అక్క లోపలి నుంచి గరిటెతో బయటికొచ్చింది. ఇద్దరం చెరో దిక్కు పోయాం.

వాసన మార్చాక అన్ని వీధుల గుట్టలూ కాస్త తగ్గాయి. మేడం చెప్పింది నిజమే. కానీ ఏడో వీధి గుట్ట మిగతావాటి కంటే మునుపటంత ఎత్తులోనే నిలబడింది. ఇంకోటి కూడా చూశారు మేడం. ఒకటో వీధి అన్నిటికంటే తక్కువ, రెండు కాస్త ఎక్కువ, మూడు ఇంకాస్త. మెట్లు కట్టినట్టు ఏడు దాకా.

"లోపలికి పోయిన కొద్దీ ఎక్కువైతున్నది" అన్నారు మెల్లిగా. "గాలి ఆ కొసకెళ్ళి వస్తుంటే గిట్లనే ఉంటది."

ఆ కొసనే ఎనిమిదో వీధి గోడ ఉంది.

శుక్రవారం, రెండో షిఫ్టు

దాచిపెట్టి లాభం లేదని మేడం కమిటీకి చెప్పేశారు. కమిటీ పెద్ద రాజవీరు సారు చెడ్డవాడేం కాదు. కంగారు పడనివాడు. కంగారు పడనివాడితోనే కష్టం, ఏడిపించడానికి వీలుండదు.

"డాక్టరమ్మా, నీ కొలత మీద నీకు నమ్మకమున్నదా?"

"మిషను మీద ఉన్నది సార్. కొలతల ఏదో తెలియంది ఉన్నదని అనుమానం."

"ఆ అనుమానంతోని ఇంకెన్ని దినాలు జనాన్ని ఆడ పండవెడుదాం? మసక గాలే అయితె?"

 ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఇంకొక్క వారం చూస్తామన్నాడు. అప్పటికీ దిగకపోతే ఏడో వీధికి గోడ. జనం ఒకటో వీధి బడిలో పరదాలు కట్టుకుని ఉండాలి. పుట్టకొక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

సారయ్య బావే లేచాడు. "ఎలుక గాబరా పడితె నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటరా? నేను పుట్టినకాన్నుంచి ఆ గాలే పీలుస్తున్న. నాకేమన్న అయ్యిందా?"

"నీకు అయ్యిందో లేదో నీకు తెలుస్తదా సారయ్యా?" అన్నాడు రాజవీరు సారు నిమ్మళంగా. "ఎనిమిదో వీధోళ్ళు గూడ ఇదే మాటన్నరట."

 బావ కూర్చున్నాడు. కూర్చున్నాక తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. అంతదాకా రాని అనుమానం అప్పుడు వచ్చినట్టుంది. నాకు ఒక్క వేళాకోళం కూడా తోచలేదు. ఇది నా జీవితంలో అరుదు కాబట్టి రాసిపెడుతున్నాను.

సోమవారం, మొదటి షిఫ్టు

మేడం ఎలుకల్ని మార్పించారు. సర్పంచ్‌ను ఏడో వీధికి, ఏడో వీధి వియ్యపురాలిని ఒకటో వీధికి. ఆమెకు ఆ పేరు నేనే పెట్టాను. ఏం పెట్టినా మూతి తిప్పుతుంది, తిన్నాక కూడా తిప్పుతుంది.

లోపం ఎలుకలో ఉంటే గుట్ట ఎలుకతోపాటు వెళ్తుంది, చోటులో ఉంటే చోటులోనే ఉంటుంది అన్నారు మేడం. అది నాకూ అర్థమైంది.

కొత్త ఇంట్లో కాస్త కుదురుకోనిచ్చి కొలిచాం. ఒకటో వీధిలో వియ్యపురాలి గుట్ట చిన్నదైపోయింది. ఏడో వీధిలో సర్పంచ్ గుట్ట లేచింది. జీవితంలో ఎప్పుడూ దేనికీ తల తిప్పని సర్పంచ్, నేను వెళ్ళేసరికి పంజరం మూలకు నక్కి ఉన్నాడు. గింజలు అలాగే ఉన్నాయి. చెయ్యి చాస్తే వెనక్కి జరిగాడు.

చోటే. అంటే గాలే.

"ఇగ నేను అడ్డం పడితె జనాన్ని చంపినదాన్నైత" అన్నారు మేడం.

వచ్చే దారిలో అక్క ఇంట్లోకి తొంగిచూశాను. అక్క గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దోపి పెడుతోంది. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, దాంట్లో చెంబు, చెంబులో గరిటెలు.

"అయిపాయెనా?" అంది నన్ను చూసి.

"ఇంకా కాలే అక్కా. గురువారం ఆఖరి కొలత."

"గురువారం ఎప్పుడొస్తవ్?"

"ఏడో వీధి ఆఖరుది గద. ఎప్పటిలెక్కనే."

 అక్క చెంబులోంచి ఒక గరిటె తీసి బయట పెట్టింది. వంటకు ఒకటైనా ఉండాలి కదా.

గురువారం, మొదటి షిఫ్టు

ఆఖరి కొలత రోజు కదా, బావను చివరిసారి ఆటపట్టిద్దామని బుద్ధి పుట్టింది. దీపాలు వెలిగీ వెలగ్గానే గులాబీ కోటు తొడుక్కుని ముందు ఏడో వీధికే పోయి, బావ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాను.

"కమిటీ ఉత్తర్వు! ఈ ఇంటి మొగాయన మాత్రమే ఖాళీ చెయ్యాలె. ఇంటామె, పుట్టకొక్కులు ఉండొచ్చు!"

బావ నిద్రమొహంతో వచ్చి, విని, వెనక్కి పడ్డాడు. పడటం పడటం పుట్టకొక్కుల మడిలో పడ్డాడు. లేచేసరికి నెత్తిన ఒకటి గొడుగులా నిలబడి ఉంది.

ఎలాగూ ఆ కొసకు వెళ్ళాను కాబట్టి చుక్కలు పట్టడం ఏడో వీధి నుంచే మొదలుపెట్టాను. ఏడు, ఆరు, ఐదు... ఒకటో వీధితో ముగించి, సీసాలు మేడానికి అప్పజెప్పాను.

మిషను గుట్టలు గీసింది. మేడం కుర్చీలోంచి లేచారు. ఏడో వీధి గాబరా గుట్ట అన్నిటికంటే చిన్నది. ఒకటో వీధిది ఎర్ర గీత దాటింది.

నేను ఎగిరి గంతేశాను. మేడం నన్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఓదెలన్నా. సీసాల మీద చీటీలు మార్చినవా?"

"అయ్యో, లే మేడం!"

"నిజం చెప్పు. మీ అక్క ఇల్లు. నాకు అర్థమైతది. కోపం చెయ్య."

"మేడం, మా అక్క మీద ఒట్టు."

"పోయినసారి మీ అక్క మీద ఒట్టేసే గద, చక్కెర డబ్బాల ఉప్పు పోసినవ్?"

అది నిజం. ఊళ్ళో నేను వేసిన ఒట్లన్నీ అలాంటివే. ఏమని నమ్మించాలి? ఇన్నేళ్ళు అందర్నీ నవ్వించుకుంటూ తిరిగాను. ఇవాళ నిజం చెప్పినా నా మొహంలో నవ్వే కనిపిస్తోంది.

"ఎట్ల తెచ్చినవో అట్లనే చెప్పు. మొదటికెళ్ళి" అన్నారు.

చెప్పాను. ఏడో వీధి నుంచి మొదలుపెట్టానని చెప్పగానే మేడం చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ఉల్టా వచ్చినవా?"

"అవును. ఉల్టనే."

ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుని తెర వంక చూశారు. మెట్లున్నాయి. కానీ ఏడు నుంచి ఒకటి దాకా, తిరగబడి.

"రేపు గూడ ఉల్టనే రా. నేను ఒకటో వీధి ఎలుకలింట్ల కూర్చుంట. నువ్వు వచ్చేదాక కదల."

శుక్రవారం, మొదటి షిఫ్టు

నేను లేని చోట జరిగింది మేడం చెప్పగా రాస్తున్నాను.

ఆవిడ వియ్యపురాలి పంజరం పక్కన ముక్కాలిపీట వేసుకుని చప్పుడు చేయకుండా కూర్చున్నారట. వియ్యపురాలు మూతి తిప్పుకుంటూ గింజలు నములుతోంది. కాసేపటికి నమలడం ఆపింది. చెవులు నిక్కబొడిచింది. మేడానికి ఏమీ వినబడలేదు. మళ్ళీ తినడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆపింది. ఈసారి గింజ కింద పడేసింది. మేడానికి అప్పుడూ ఏమీ వినబడలేదు.

అప్పుడు మేడం లేచి, గోడకు చెవి ఆనించారట.

రాయి లోపల నుంచి, ఎక్కడో దూరంగా, డప్పు దరువు.

నేనే. నాలుగో వీధి గుమ్మంలో కప్పు కొడుతున్నాను.

మూడో వీధి దగ్గర కొట్టేసరికి ఎలుక పంజరం చుట్టూ తిరగడం మొదలుపెట్టిందట. రెండో వీధి దగ్గర కొట్టేసరికి మూలకు నక్కిందట. నేను ఒకటో వీధి గుమ్మంలోకి వచ్చి, మంచి హుషారుగా దరువేసి, తలుపు తీశాను. లోపల ఎలుక మూలలో వణుకుతోంది. మేడం గోడకు చెవి పెట్టి నిలబడి ఉన్నారు.

"మేడం, ఏంది గిట్ల? ఎనిమిదో..." అనబోయి ఆగాను.

"ఓదెలన్నా, కొట్టేది మనమే" అన్నారు ఆవిడ, నా చేతిలోని కర్ర చూపిస్తూ. "చప్పుడైతె నువ్వొస్తవ్. నువ్వొస్తె పట్టుకుంటవ్, గొట్టం గుచ్చుతవ్. వారం వారం ఆ భయం ఇంకింత ముదిరింది. ఒకటో వీధి ఎలుక ఒక్కసారే వింటది. ఏడో వీధిది వరుసగ అన్నీ వింటది. దగ్గరికొస్తున్నడు, దగ్గరికొస్తున్నడు అని. సూది వేసే కాడ లైన్ల నిలవడ్డట్టు. ఆఖరోని గుండె ఎట్ల కొట్టుకుంటది? మనం గాలిని కొలుస్తలేం. ఎదురుచూపును కొలుస్తున్నం."

నేను కర్ర వంక చూశాను. పుట్టినప్పటి నుంచి కప్పు కొట్టని రోజు లేదు. దాన్ని చప్పుడని నేనెప్పుడూ అనుకోలేదు. మేడం కూడా అనుకోలేదు. ఆవిడ పొన్నుకర్ర కూడా తలుపు పక్కన ఆనించి ఉంది. ఆవిడ కూడా కొట్టే లోపలికొచ్చారు.

శనివారం, మొదటి షిఫ్టు

నిన్ననే కమిటీ ముందు మేడం అంతా చెప్పారు. రాజవీరు సారు విన్నాడు.

"మాట బాగనే ఉన్నది. రుజువు?"

"కప్పు కొట్టకుంట పోయి కొలవాలె సార్. అప్పుడు గూడ ఏడో వీధి ఎక్కువ చూపిస్తె, గోడ కట్టుండ్రి. నేనే ముందు నిలవడి కట్టిస్త."

కప్పు కొట్టకుండా! ముసలాళ్ళు చెవులు మూసుకున్నారు. ఒకాయన మేడాన్ని "నీదేమన్న ఎనిమిదో వీధా బిడ్డా?" అని అడిగాడు. మేడం ఆయన వంక సూటిగా చూశారు, అంతే.

చివరికి రాజవీరు సారు ఒప్పుకున్నాడు. నిన్న సాయంత్రమే ఆయన తన చేత్తో సొరంగమంతా కొట్టి, మోత విని, కప్పు గట్టిగా ఉందని చెప్పాడు. ఎలుకలు ఆ చప్పుడు మరిచిపోవడానికి రాత్రంతా వదిలేశాం. పొద్దున ఆయన ముందు తన కర్ర కింద పెట్టాడు. పెట్టేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలికి పోవాల్సింది నేను. ఒకటి నుంచి ఏడు దాకా, ఎప్పటి వరుసలోనే.

నా కర్ర సారయ్య బావ తీసుకున్నాడు. తనది, నాది కలిపి తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకుని నా వెనకే వచ్చాడు. చెప్పులు కూడా విడిచాం. ఒకటో గుమ్మం దగ్గరికి రాగానే నా కుడిచెయ్యి దానంతటది పైకి లేచింది. చేతిలో ఏమీ లేదు. బావ నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

అడుగు లోపల పెట్టాలి. పెట్టలేకపోయాను. ఊళ్ళో అందరి చెప్పుల్లో పుట్టకొక్కులు పెట్టినవాణ్ని, కమిటీ పెద్ద కుర్చీకి జిగురు పూసినవాణ్ని, గుమ్మంలో నిలబడి చెమటలు కక్కాను. ఇన్నాళ్ళూ కప్పు మీద కొట్టిన ఆ నాలుగు దెబ్బలే నన్ను మోశాయన్నట్టు, మెడలో బలం లేదు.

బావ చెవిలో గుసగుసగా అన్నాడు, "పో బామ్మర్దీ. కూలితె ఇద్దరి మీద కూలుతది. నీ అక్కకు పీడవోతది."

నవ్వు వచ్చింది. నవ్వు బయటికి రాకుండా పళ్ళు బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి, లోపలికి అడుగేశాను. కప్పు కూలలేదు. వియ్యపురాలు తింటోంది. నన్ను చూసి మూతి తిప్పింది, మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

అలా ఒక్కో గుమ్మం. ఒక్కో గుమ్మం దగ్గరా నా చెయ్యి లేవడం, బావ దించడం. ఏడో వీధి ఎలుకలింట్లోకి వెళ్ళేసరికి సర్పంచ్ గింజల గిన్నెలో కూర్చుని ఉన్నాడు. నేను చుక్కలు పడుతుంటే నా కోటు జేబు మీది పువ్వు వాసన చూశాడు.

ఆదివారం, సెలవు

మిషను గీసింది. ఏడు గుట్టలు, పక్కపక్కన, పేడకడులంత. ఏ ఒక్కటీ ఎర్ర గీత దరిదాపుల్లో లేదు. మేడం మళ్ళీ కొలిపించారు. మళ్ళీ అంతే. ఇంకో కొలతకు ముందు, కావాలనే నాలుగు ఎలుకలిళ్ళ గుమ్మాల దగ్గర ఎప్పటిలా కప్పు కొట్టించి చూశారు. ఏడో వీధి గుట్ట లేచి నిలబడింది.

రాజవీరు సారు గోడ పని ఆపించాడు. ఇక మీదట ఎలుకలింటి కప్పు ముందు రోజే కొట్టి, కొలత రోజు చప్పుడు లేకుండా వెళ్ళాలని తీర్మానం చేశారు. లచ్చక్క గిన్నెలు విప్పింది. ఊళ్ళో అందరికీ పుట్టకొక్కుల కూర.

తిన్నాక అందరూ వెళ్ళిపోయారు. మేడం మాత్రం వీధి చివర, ఎనిమిదో వీధి గోడ దగ్గర నిలబడ్డారు. నేనూ వెళ్ళాను. ఆవిడ గోడకు చెవి ఆనించి ఉన్నారు.

"మేడం, నాకొకటి తోస్తున్నది" అన్నాను. "అప్పుడు ఆఖరు వీధి ఇదే గద."

"నాకు శుక్రవారమే తోచింది."

"అప్పటి కాపరి గూడ కప్పు కొట్టే పోయేటోడు."

"అవును."

 ఆవిడ చెవి గోడ మీద నుంచి తీయకుండానే చెప్పారు.

"మా నానీది ఎనిమిదో వీధి ఓదెలన్నా. ఇంట్ల ఆ మాట ఎత్తద్దనేది మా అమ్మ. మా నానీ ఆఖరు దినాల దాక గిట్లనే గోడకు చెవి వెట్టేది. ఆఖరు వీధి గద, ఊరంత చప్పుడు రాళ్ళల్లకెళ్ళి ఆడికే వచ్చేదట. ఎవలొస్తున్నరో గోడకు చెవి వెట్టి చెప్పేటోళ్ళట. చెప్పుకుంట నవ్వుకునేటోళ్ళట. మొన్న ఎలుక చెవులు లేపంగనే నాకు మా నానీ యాదికొచ్చింది."

వాళ్ళ అమ్మమ్మ గోడకు చెవి పెట్టేది. ఊళ్ళో జనం దాన్ని గోడలతో మాట్లాడటం చేశారు. నేను ఈ నెలలో ఆ మాట అని ఎన్నిసార్లు నవ్వానో లెక్క వేయబోయి మానుకున్నాను.

"మేడం..."

"ఏమనకు అన్నా. రేపు గోడకు కన్నం చేయిస్తున్నం. ఎలుకను పంపాలె. చప్పుడు కాకుంట పట్టుకురా."

బుధవారం, మొదటి షిఫ్టు

ఎనిమిదో వీధిలోకి సర్పంచ్‌ను పంపాం. మొదటి రోజు దుమ్ము తుమ్మాడు. రెండో రోజు తిన్నాడు, పడుకున్నాడు. గాబరా గుట్ట మిగతా వీధుల గుట్టలంతే ఉంది. ఇంకా చాలా రోజులు చూస్తేగానీ ఏమీ చెప్పనన్నారు మేడం. సారయ్య బావ మాత్రం ఆ వీధి గోడ ఎంత వెచ్చగా ఉందో చెయ్యి పెట్టి చూసి వచ్చాడు.

ఇది మేడం చదువుతారు కాబట్టి, ఏది నా కల్పనో చెప్పేస్తున్నాను.

సర్పంచ్ నా గుండీ తినలేదు. దారం ఊడి పంజరంలో పడితే వాసన చూసి వదిలేశాడు. రాజవీరు సారు కళ్ళలో నీళ్ళు తిరగలేదు, ఆయన ఆ రోజు కూడా కంగారు పడలేదు. కుర్చీకి జిగురు పూయాలని అనుకున్నాను గానీ పూయలేదు. బావ పుట్టకొక్కుల మడిలో పడలేదు. ఆ గురువారం నేను ఏ ఉత్తర్వూ చదవలేదు, బావను ఆటపట్టించడానికి పోలేదు. అక్క బయట పెట్టిన ఆ ఒక్క గరిటెను తలుచుకుని నిద్ర పట్టలేదు. ఆ ఇంట్లో అక్క చేతి సద్ది ఒక్కసారైనా తినాలని పొద్దున్నే వెళ్ళాను. జొన్నరొట్టె పెట్టింది. ముగ్గురం కూర్చుని తిన్నాం. వెనక్కి తిరిగి ఒకటో వీధికి వెళ్ళబుద్ధి కాక అక్కడి నుంచే మొదలుపెట్టాను.

సీసాలు మార్చలేదు. చుక్కలు, గుట్టలు, గోడలో వినబడ్డ దరువు, గుమ్మంలో నా చెమటలు నిజం.

ఇంకొకటి. ఎనిమిదో వీధి వాళ్ళు గోడలతో మాట్లాడేవాళ్ళని, ఒకర్నొకరు గుర్తుపట్టేవాళ్ళు కాదని మొదటి సోమవారం రాశాను. అదీ కల్పనే. నాది కాదు, ఊరిది. దాని మీద నవ్వింది మాత్రం నేనూ. ఆ వాక్యం కొట్టేయబోతుంటే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనియ్యి అన్నా. కింద నిజం రాయి, సాలు" అన్నారు.

రాశాను.